అన్ని కుర్చీల్లోనూ కూర్చున్న మనిషి

సౌదీలో దమ్మామ్, ఖోబర్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ దగ్గర దానం అనే మనిషి పేరెత్తితే ముందు నవ్వేవాళ్ళు, ఆ తరవాత "పనిమంతుడండీ" అనేవాళ్ళు. నవ్వడానికి కారణం లేకపోలేదు. బయట నలభై ఎనిమిది డిగ్రీలు కాస్తుంటే ఆ మహానుభావుడు ఉన్ని టోపీ, స్వెట్టరు సంచిలో పెట్టుకుని ఉద్యోగానికి బయలుదేరేవాడు. ఒక్కోసారి సంచిలో పెట్టడం మరిచి ఒంటిమీదే వేసుకొచ్చేవాడు. బస్సులో పక్కవాడు ఇతనికి చలిజ్వరమేమోనని జరిగి కూర్చునేవాడు.

ధహ్రాన్ దగ్గర ఒక షాపింగ్ మాల్ వెనక భాగంలో ఐసు హాకీ ఆడే హాలు ఉండేది. ఆ హాల్లో ఐసు పోసి, దాన్ని కంటికి రెప్పలా చూసుకోవడం దానం పని. ఐసు మీద కత్తుల బూట్లతో జారుతూ, కర్రలతో నల్ల రబ్బరు బిళ్ళను కొట్టుకునే ఆట అది. ఆడేవాళ్ళు ఎక్కువగా కెనడా, ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఇంజనీర్లు. ధహ్రాన్‌లో ఒక జట్టు, జుబైల్ ప్లాంట్లలో ఒక జట్టు. ఎడారిలో మంచు ఆటేమిటని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. నేనూ వేసుకున్నాను. దానం మాత్రం వేసుకోలేదు. ఐసు ఎక్కడున్నా ఐసేనని అతని నమ్మకం.

అతను నిజాంపట్నం హార్బరులో పన్నెండేళ్ళు ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాడు. అక్కడ పీరయ్య మేస్త్రీ అతనికి పని నేర్పాడు. దిమ్మలు డబ్బాల్లోంచి తీసి తడుముకుని మురిసిపోతున్న దానాన్ని చూసి మొదటి రోజే ఆయన గదమాయించాడట. "ఈడ నుంచుని ముద్దు చేస్తే సాలదురా. పడవలోకి దిగు. సేపలు పోసే అర పక్కన నుంచో. సరుకు వాడేవోడు యాడ నుంచుంటే ఆడ నుంచుని సూడాల. అప్పుడు తెలుద్ది నీ ఐసు సంగతి." ఆ మాట దానం జన్మంతా మరవలేదు. ఈ కథంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది.

అయినా వచ్చిన కొత్తలో బోర్లా పడ్డాడు. హార్బరులో ఐసు ఎంత మందంగా ఉంటే అంత గొప్ప. ఆ లెక్కనే ఇక్కడా పొర మీద పొర పోసి మూడంగుళాల మందం పేర్చి, చూడండి నా పనితనం అన్నట్టు నుంచున్నాడు. ఆటగాళ్ళు దిగేసరికి పైన ఐసు మెత్తబడి, బూట్ల కత్తులు దిగబడిపోయాయి. చల్లదనం ఇచ్చే ఉప్పునీళ్ళ గొట్టాలు అడుగున ఉంటాయి, పొర మందమైతే ఆ చలవ పైదాకా రాదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ధహ్రాన్ జట్టు కెప్టెన్ గ్రాంట్ అనే కెనడా ఆయన తిట్టలేదు గానీ, మోకాళ్ళ మీద కూర్చుని ఐసును వేలితో గీకి చూపించాడు. ఆ గీత చూసి దానం సిగ్గుపడ్డాడు. ఆ రాత్రే అంతా కరిగించి, అంగుళమున్నరకు తెచ్చాడు.

ఇక తిరిగి చూసుకోలేదు. చల్లనీళ్ళలో గాలి ఉంటుంది, ఐసు పాలలా తెల్లబడి పెళుసుగా వస్తుంది, కాగిన నీళ్ళైతే అద్దంలా గట్టిపడుతుందని హార్బరులో నేర్చుకున్న విద్యను ఇక్కడ పెట్టాడు. ఇంకో విచిత్రం జరిగింది. ఆటలో మూడు భాగాలుంటాయి. రెండో విరామం ఎప్పుడూ పొద్దుగూకే వేళ చేసే మగ్రిబ్ నమాజుకే పడేలా చూసేవారు. ఇతర దేశాల్లో పావుగంట విరామమైతే ఇక్కడ అరగంట. నమాజుకు వెళ్ళేవాళ్ళు వెళ్ళినప్పుడు దానం తీరుబడిగా రెండు విడతలు నీళ్ళు పోసి ఐసును పండించేవాడు. మూడో భాగం ఇంత గట్టి ఐసు మీద తాను ఎక్కడా ఆడలేదని గ్రాంట్ అందరితో చెప్పేవాడు. కుర్రతనంలో రెండేళ్ళు డబ్బు తీసుకుని ఆడిన మనిషి ఆయన, పదిహేను వేలమంది పట్టే హాళ్ళు చూసినవాడు.

ఐసు బంగారంలా ఉంది. చూసేవాళ్ళే లేరు. అక్కడే వచ్చింది తంటా.

హాలుకు ఒక పక్కనే మూడొందల ఇరవై కుర్చీలు. అందులో ఆడవాళ్ళు, పిల్లలు ఉన్న ఫ్యామిలీలు ఒక వైపు, ఒంటరిగా వచ్చిన మగవాళ్ళు, అంటే బ్యాచిలర్లు, ఒక వైపు కూర్చోవాలి, అక్కడి పద్ధతి. అందుకని కుర్చీల మధ్య ఎనిమిదడుగుల ప్లైవుడ్ గోడ కట్టి, దాన్ని ఐసు చుట్టూ ఉండే అద్దం దాకా లాక్కొచ్చారు. ఆ గోడ పుణ్యాన ఫ్యామిలీలకు కుడి గోలు కనిపించదు, బ్యాచిలర్లకు ఎడమ గోలు కనిపించదు. గోలు పడగానే సగం హాలు లేచి అరిచేది, మిగతా సగం "ఏమైంది, ఏమైంది" అని గోడను అడిగేది. దానం భార్య కృపామణి దమ్మామ్‌లో ఆసుపత్రి నర్సు. ఆవిడ ఒక్కసారి వచ్చి చూసి ఇంటికెళ్ళి చెప్పింది. "ఏవండీ, మీ ఐసు నాకు సగమే కనపడింది. ఆ సగంలో ఎవరూ ఆడలేదు. గంటసేపు గోడ చూసొచ్చాను, చలికి కాళ్ళు కొయ్యబారిపోయాయి. ఇంక నన్ను పిలవమాకండి."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. దానం రచ్చ గెలిచి ఇంట ఓడిపోయాడు.

రెండు వేల ఐదు నవంబరులో హాలు యజమాని అబూ ఫహద్ అతన్ని పిలిచాడు. దానాన్ని దేశానికి తెచ్చుకున్న కఫీల్ కూడా ఆయనే. పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీలో నిదానంగా విషయం చెప్పాడు. "డిసెంబరులో ధహ్రాన్, జుబైల్ ఫైనల్ ఉంది కదా. ఆ రోజు కూడా కుర్చీలు ఖాళీగా ఉంటే ఖలాస్. ఐసు మిషన్లు ఆపేస్తాను. ఇక్కడ సోఫాల షోరూము పెడతాను. సోఫాలకు నీతో పని లేదు, దానం. ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇండియాకు పంపిస్తాను."

అది చెడ్డ మనిషి మాట కాదు, నిజం మాట. కానీ దానానికి అది ఒక్క ఉద్యోగంతో పోయే సంగతి కాదు. కృపామణి పెళ్ళైన ఏడాదికే సౌదీ వచ్చేసింది. ఆరేళ్ళు ఆమె ఇక్కడ, అతను హార్బరులో. ఏడాదికో నెల సెలవులో కాపురం. ఈ ఐసు ఉద్యోగం దొరికాకే ఇద్దరూ ఖోబర్‌లో ఒక గదిలో, ఒక పొయ్యి దగ్గర బతుకుతున్నారు. హాలు మూతబడితే మళ్ళీ టెలిఫోను కాపురమే. ఇంటికెళ్ళి కృపామణికి ఆ మాట చెప్పాడు. ఆవిడ కూర గిన్నె దించుతూ ఒకే మాట అంది. "కుర్చీలో కూర్చున్నోళ్ళకి ఏం కావాలో కనుక్కోండి ముందు. ఐసు సంగతి ఎప్పుడూ చూస్తానే ఉన్నారు గదా."

దానానికి పీరయ్య మేస్త్రీ గొంతు వినిపించినట్టయింది. మూడేళ్ళుగా తాను ఐసు పక్కన నుంచునే ముద్దు చేస్తున్నాడు. పడవలోకి దిగలేదు.

మర్నాడు పొద్దున్నుంచి ఒక్కో కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. కూర్చుని, రెండు గోలుల వైపూ చూసి, కనపడకపోతే కుర్చీ వీపున సుద్దముక్కతో గీత గీశాడు. మూడొందల ఇరవై కుర్చీలు, మూడు రోజులు. మాల్‌లో వడ్రంగి పని చేసే లాల్ అహ్మద్ కడపవాడు. అతను తలుపు దగ్గర నుంచుని నవ్వాడు. "ఏం దానమన్నా, సినిమా ఏమన్నా ఏసినారా లోపల? ఒక్కనివే అన్ని టిక్కెట్లూ కొన్నట్టుండావే."

"నవ్వుతా నుంచోకపోతే వచ్చి ముందు వరసలో కూర్చో, లాల్ భాయ్. నీ తల అడ్డమొస్తందో లేదో చూడాల."

ఆ రోజు నుంచి లాల్ అహ్మద్ కూడా ఆ పిచ్చిలో పడ్డాడు. ప్లాంట్లలో పారేసిన చెక్క పలకలు తెచ్చి, వెనక వరసలు ఒక్కోటి జానెడు ఎత్తు లేపాడు. పని బ్రహ్మాండంగా ఉందని ఇద్దరూ భుజాలు తట్టుకున్నారు. ఆ వారం మామూలు ఆటకు వచ్చిన నలుగురైదుగురు సౌదీలు ముందు కూర్చునేసరికి వెనకవాళ్ళకు మళ్ళీ ఏమీ కనపడలేదు. వాళ్ళు తలగుడ్డ కట్టి, దానిమీద నల్లటి ఇకాల్ తాడు చుట్టుకుంటారు కదా. వీళ్ళు కొలిచింది లాల్ అహ్మద్ బోడి గుండుతో! ఆ తరవాత లాల్ అహ్మద్ తలకు తువ్వాలు చుట్టి, దానిమీద వైరు చుట్టుకుని ముందు వరసలో కూర్చుంటే, దానం ప్రతి వరసకూ ఇంకో నాలుగు వేళ్ళ ఎత్తు పెంచాడు.

ఎత్తు సరే, గోడ మాటేమిటి? దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికుంది? ఐసు మీద తిరుగుతూ నీళ్ళు పోసి నునుపు చేసే ఐసు బండి నడుపుతూ దానం రెండు రోజులు ఆ గోడ వంకే చూశాడు. బండి ఐసు అడ్డంగా దాటి అవతలి పక్కకు చేరినప్పుడు అతనికి తోచింది. అవతలి పక్కంతా పాత ఆట మిషన్లు పేర్చి వదిలేసిన జాగా. ఫ్యామిలీల కుర్చీలు అటు మారిస్తే మధ్యలో ఎనభై అడుగుల ఐసు ఉంటుంది. ఐసే గోడ. దాని గుండా అంతా కనిపిస్తుంది, దాన్ని ఎవరూ దాటలేరు.

అబూ ఫహద్ వినగానే చెవులు మూసుకున్నాడు. "ఎదురెదురుగానా? ఫ్యామిలీల ముఖాలు బ్యాచిలర్లు చూస్తూ కూర్చుంటారా? ఐబ్, ఐబ్!" అంటే సిగ్గుచేటని.

దానం వాదించలేదు. ఆయన్ని బ్యాచిలర్ల వైపు కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీల మీది దీపాలన్నీ ఆర్పి, ఐసు మీది దీపాలు మాత్రం వేశాడు. ఐసు తెల్లగా భగ్గుమంది. "సాబ్, అవతల లాల్ అహ్మద్ కూర్చున్నాడు. ఎక్కడున్నాడో చెప్పండి."

అబూ ఫహద్ కళ్ళద్దాలు తీశాడు, పెట్టుకున్నాడు, అద్దానికి ముక్కు ఆనించాడు. చీకటి తప్ప ఏమీ కనపడలేదు. "అక్కడ ఎవరూ లేరు," అన్నాడు చివరికి.

చీకట్లోంచి లాల్ అహ్మద్ గొంతు వచ్చింది. "ఈడనే ఉండాను సాబ్! మీరు ముక్కు గోక్కునేది గూడా కనపడతాండాది!"

తెలుగులో అన్నాడు కాబట్టి ఉద్యోగం నిలిచింది. అబూ ఫహద్ మాత్రం చాలాసేపు ఆ చీకటిని చూసి, దానం వైపు తిరిగి తల ఊపాడు. ఐసు మీద వెలుగు, మనుషుల మీద చీకటి. మర్యాదకు అది కావాలి, ఆట చూడటానికీ అదే కావాలి. చదువుకున్న ఇంజనీర్లు కట్టిన హాల్లో ఈ రెండూ ఒకటేనని కనిపెట్టినవాడు ఏడో తరగతి ఫెయిలైన దానం. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

కృపామణి చెప్పిన కాళ్ళ సంగతీ అతను మరవలేదు. గోడ పీకేసి, ఫ్యామిలీల కుర్చీలు అవతలికి మార్చాక, అన్ని కుర్చీల కింద రబ్బరు పరిచి, దానిమీద పాత తివాచీలు వేయించాడు. పుదీనా వేసిన సులైమానీ టీ కుర్చీ దగ్గరికే వచ్చే ఏర్పాటు చేశాడు. ఫైనల్‌కు రమ్మని భార్యను బతిమాలాడు. ఆ గురువారం ఆవిడకు మధ్యాహ్నం రెండు దాకా డ్యూటీ. "చూస్తాలే," అంది. పెళ్ళాం చూస్తాననడం అంటే ఏమిటో పెళ్ళైనవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఫైనల్ రోజు మధ్యాహ్నం అసర్ నమాజు అయ్యాక తలుపులు తెరిచారు. జుబైల్ నుంచి ఐదు బస్సులొచ్చాయి. ఫిట్టర్లు, వెల్డర్లు, నర్సులు, పిల్లలతో తల్లులు. అబూ ఫహద్ తల్లి, డెబ్బై ఏళ్ళావిడ, మనవలను వెంటేసుకుని వచ్చి ఫ్యామిలీల వైపు ముందు వరసలో కూర్చుంది. దానం ఐసు బండి పక్కన నుంచుని చీకట్లో కృపామణి కోసం వెతికాడు. కనపడలేదు. కనపడకుండా చేసింది తనే కదా.

మొదటి గోలు జుబైల్ వేసింది. బ్యాచిలర్ల వైపు నుంచి అరుపు లేచింది. అది ఐసు దాటి అవతలికి వెళ్ళి, పిల్లల కేకలతో కలిసి రెట్టింపై తిరిగొచ్చింది. ఇన్నాళ్ళూ గోడకు కొట్టుకుని చచ్చిన అరుపది. ఆటగాళ్ళు ఒక్క క్షణం తలలెత్తి రెండు వైపులా చూశారు. తరవాత వాళ్ళ ఆటే మారిపోయింది. ప్రతి బంటుకూ రోషం వచ్చింది. రెండో భాగం అయ్యేసరికి రెండు జట్లూ సమానం.

విరామంలో గ్రాంట్ చెమటలు కక్కుతూ దానం దగ్గరికొచ్చి భుజం పట్టుకున్నాడు. "పెద్ద హాళ్ళు చాలా చూశాను దానం. ఎంతమంది పడతారన్నది లెక్క కాదు. చివరి కుర్చీలో వాడు కూడా బిళ్ళను చూడాలి, వాడి అరుపు నాకు వినపడాలి. ఈ రోజు వినపడింది."

నమాజు అయి జనం తిరిగి వస్తుండగా అబూ ఫహద్ వచ్చాడు. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

"మా అమ్మను ఇంటికి తీసుకెళ్దామని వెళ్ళాను," అన్నాడు అబూ ఫహద్. "రానంది. వచ్చే గురువారానికీ అదే కుర్చీ ఉంచమంది. మిషన్లు ఆపొద్దు దానం." రెండడుగులు వేసి మళ్ళీ తిరిగాడు. "సోఫాలు ఇంకెక్కడైనా అమ్ముకుంటాను."

దానం "షుక్రన్ సాబ్" అనడం కూడా మరిచి, ఐసు బండి ఎక్కాడు. మొదటి విడత నీళ్ళు నమాజు వేళే పోశాడు, ఇప్పుడు రెండోది. కళ్ళు చెమర్చి ఐసు మసకమసకగా కనిపిస్తోంది. బ్యాచిలర్లు బండిని చూసి చప్పట్లు కొట్టారు. అతను బండిని ఫ్యామిలీల పక్క నుంచి పోనిచ్చి, చివరి చుట్టు తిప్పి, గేటు వైపు మళ్ళించాడు.

అప్పుడు చీకట్లోంచి, పై వరసల్లో ఎక్కడో, వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేలా పిలవడం అలవాటైన ఒక గొంతు లేచింది.

"ఏవండీ! ఆ గోలు వెనకాల మూల వదిలేశారు! అంత చారెడు మిగిలిపోయింది, చూసుకోరేం!"

అవతల బ్యాచిలర్ల వైపు తెలుగు తెలిసినవాళ్ళంతా గొల్లుమన్నారు. తెలియనివాళ్ళు కూడా నవ్వారు. దానం బండి ఆపి వెనక్కి చూశాడు. ఆ మూల, గోడ ఉన్న రోజుల్లో ఫ్యామిలీలకు ఎన్నడూ కనపడని ఆ మూల, నిజంగానే మిగిలిపోయింది.

దానం స్వెట్టరు చేతితో కళ్ళు తుడుచుకుని బండి వెనక్కి తిప్పాడు.