దద్దుర్లు పుట్టించిన క్యారెట్ మడి

ఇగో, హల్వా తెచ్చిన. మాట తప్పలే. కాని చేతులమీద ఈ దద్దుర్లేందని మాత్రం అడగకుండ్రి... సరే, అడిగిన్రు గద, చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వేటోళ్లు జర మెల్లగ నవ్వుండ్రి, నాకు ఓపిక లేదు.

హెడ్మాస్టర్ సారు రిటైర్మెంట్ నాడు నా ఇంటి క్యారెట్లతోనే హల్వా అని ఈ స్టాఫ్‌రూమ్‌లనే గొప్పలు చెప్పిన గద! ఇంటెనక మడి చేసిన, వడ్డేపల్లి నుంచి రెండు బస్తాల పశువుల ఎరువు తెప్పిచ్చిన, విత్తనం చల్లిన. అంతా ఆర్గానిక్!

మా అత్తమ్మ జన్మంతా చేన్లల్లనే గడిచింది. మొలకలు రాంగనే కలుపు తీద్దామని కొంగు బిగిచ్చింది. నేను అడ్డం పోయిన.

"అత్తమ్మా, ఇది పల్లిచేను గాదు. క్యారెట్ సంగతి నీకు తెల్వదు. ముట్టకు."

"గట్లనే బిడ్డా. సదువుకున్నదానివి."

మడిల రెండు రకాలు మొలిచినయి. ఒకటి దారమంత సన్నగ, నేడో రేపో పోయేటట్టు. ఇంకోటి బలంగ, ఆకులు చీలి, అచ్చం ఫోటోల క్యారెట్ ఆకే! బక్కవి కలుపనుకొని నేనే కూసొని ఒక్కొక్కటి పీకిన. నడుములు పోయినయి. పీకినవన్నీ పక్కింటోళ్ల మేకకు ఏసిన. బలమైనవాటికి రెండు నెల్లు జీవామృతం పోసిన. మోకాలెత్తు పెరిగినయి. గ్రూప్‌ల ఫోటో పెడితే మీరే లైకులు కొట్టిన్రు, యాదికున్నదా?

గంతల్నే ఈ దురద మొదలైంది. దవాఖానకు పోయిన. డాక్టరమ్మ నా దగ్గర బయాలజీ సదివిన పిల్లనే.

"మేడం, ఇంటికాడ వయ్యారిభామ గడ్డి ఉన్నదా? అది తగిల్తెనే గిట్ల దద్దుర్లు లేస్తయి."

"ఛీ! మా ఇంట్ల గడ్డిపోచ గూడ ఉండదు. కలుపంతా నా చేత్తోనే తీస్త!"

ఇంటికొచ్చి చూస్తే మడి నిండా చిన్న చిన్న తెల్లపూలు. ఒకటి పీకిన. కింద క్యారెట్ లేదు, ఎలుక తోకంత వేరు!

"అత్తమ్మా, ఇదేంది?"

"వయ్యారిభామ బిడ్డా. ఎరువుల గింజలొచ్చినట్టున్నయి. మొలిచిన్నాడే చూసిన."

"మరి చెప్పొద్దా?"

"చెప్దమనే కొంగు బిగిచ్చిన. ముట్టకంటివి. ఆర్గానిక్ అంటే గట్లనే పెంచుతరేమో అనుకున్న."

మడి ఆమెకే అప్పజెప్పిన. హల్వాకు మార్కెట్ల క్యారెట్లు కొన్న, గోక్కుంటనే తురిమిన. తినుండ్రి.

నా ఆర్గానిక్ క్యారెట్ తిన్నది ఈ వనపర్తిల ఆ మేక ఒక్కటే. పాపం, దానికి బాగా నచ్చినట్టుంది. ఇంకా రోజు పొద్దున్నే మా గేటు కాడికొచ్చి, మేడం మళ్ల ఎప్పుడు కలుపు తీస్తదా అని చూస్తుంటది.