బకెట్లో పొంగిన నారింజరంగు

మా సారు పోయారు. ఆదివారం పొద్దున ప్రొద్దుటూరు నుంచి ఫోను వచ్చింది. ఏడుపు రాలేదు, ఒళ్లంతా అలసట కమ్మింది. ఆయనకు చెప్పుకోవాల్సిన తప్పొకటి ఇన్నేళ్లూ నా నోట్లోనే ఉండిపోయింది. ఇంక ఎవరికి చెప్పుకునేది?

ఆయన కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం చెప్పేవారు. నేను ఆయన ల్యాబ్ అసిస్టెంటును. గాజుసామాను కడగడం, దూది బిరడాలు చుట్టడం, ఆయన ఏమీ అనకపోయినా ఏదో అన్నారని అలగడం నా పని. చేతులు కడుక్కోకుండా లోపలికొస్తే మాత్రం, "ఏందప్పా, సంతకొచ్చినట్ల వచ్చినావు?" అనేవారు.

చాపాడు దగ్గర ఆయన సొంతూరు. చిన్నప్పుడు చెల్లెలికి రేచీకటి. పొద్దుగూకితే గోడ పట్టుకొని నడిచేదట. ఆ సంగతి ఆయన ఎత్తింది రెండుసార్లే, కానీ పనంతా దాని చుట్టే తిరిగింది. రొట్టెపిండిని పొంగించే ఈస్టులోకి వేరే జీవి జన్యువులు చేర్చి, క్యారెట్‌లో ఉండే నారింజరంగు పదార్థాన్ని దానిచేత చేయించాలి. మన ఒంట్లో అదే రేచీకటి రానివ్వని విటమిన్ ఏ అవుతుంది. "బర్రె గడ్డి తిని పాలిస్తాంది గదా, ఇది చక్కెర తిని విటమిన్ ఇయ్యాల" అనేవారు. అనుమతులకు తిరిగీ తిరిగీ చెప్పులరిగాయి. ఏళ్ల తరబడి ఆ ఈస్టు తెల్లగానే పెరిగింది. ఒకరోజు మూత తీస్తే ఈస్టు పెంచే ప్లేటు నిండా నారింజరంగు చుక్కలు! సారు ప్లేటు నా చేతికిచ్చి, బయటికి పోయి కళ్లు తుడుచుకొని వచ్చారు.

అవి ఫ్యాక్షన్ రోజులు. ఊరి పేరు చెబితే ఏ పార్టీ అని అడిగేవారు. మా బామ్మర్ది మీద అప్పటికే బాంబుల కేసు ఉంది.

ఆ ఎండాకాలం కాలేజీ ఫ్రిజ్ కాలిపోయింది. పులివెందులలో సారు స్నేహితుడి ల్యాబులో మంచి ఫ్రిజ్ ఉందని, ఉన్న ఈస్టంతా పెట్టెలో సర్దుకొని బస్సెక్కాం. ఏ ఇల్లాలైనా తోడుకని చెంచాడు పెరుగు మిగుల్చుకుంటుంది. మేం అదీ మిగల్చలేదు.

జమ్మలమడుగులో సారు టీకి దిగారు. పోలీసులు ఎక్కారు. నా కాళ్ల దగ్గరి పెట్టె తెరిచారు. గుండ్రటి గాజుబుడ్లు, మూతుల్లో దూది, చుట్టూ నేను బిగించిన పురికొస. మా సీమలో అది చూసిన ఎవడికైనా ఒకటే తడుతుంది.

"ఎవర్దిరా ఈ పెట్టె?"

బామ్మర్ది కేసు గుర్తొచ్చింది. "నాది కాదు సార్. నాకు తెల్దు" అన్నాను.

ఎవరిదీ కాని పెట్టె నాటుబాంబు కాక ఇంకేమవుతుంది? పక్కనే ఉన్న స్టేషనుకు తీసుకుపోయి, బుడ్లన్నీ నీళ్ల బకెట్లో ముంచేశారు.

"అయ్యో! అది ఈస్టప్పా!" అంటూ సారు పరుగెత్తుకొచ్చారు. అప్పటికే నీళ్లు నారింజరంగుకు తిరిగాయి. కానిస్టేబుల్ తల దించుకొని, "పారబోస్తా సార్" అన్నాడు.

"పారబోయద్దు. ఇది మేం మార్చిన జీవి, కాలవలో కలపగూడదు. ఉడకబెట్టాల్సిందే."

స్టేషన్ వెనక మూడు రాళ్లు పెట్టి, ఆ ఇనుప బకెట్‌నే పొయ్యి మీదికెక్కించారు. "అడుగు దాకా కలుపప్పా" అని కట్టె నా చేతికిచ్చారు. ఇంకేమీ అడగలేదు.

తర్వాత ఆయన రిటైరయ్యేదాకా మళ్లీ మళ్లీ చేశాం. తెల్లగానే పెరిగింది. రోజూ తన టీలో సగం నాకు పోసేవారు. చెప్పేద్దామని నోరు తెరిచి, టీ తాగి మూసుకునేవాణ్ని.

మొన్న సారు ఇంటికి పోయి మేడమ్ ముందు తలొంచుకొని అంతా చెప్పేశాను.

"మాకు తెలుసప్పా" అంది ఆమె. "కానిస్టేబుల్ ఆ పొద్దే చెప్పినాడంట. నేను శానా కోప్పడితి. ఈయన ఒకటే మాట అన్యాడు. 'ఆయప్పకు పిల్లోళ్లుండారు. నాకు పోయింది ఈస్టే గదా' అని."

అప్పుడొచ్చింది ఏడుపు.

కళ్లు మూస్తే ఆ బకెట్టే కనిపిస్తోంది. నారింజరంగు నురగ అంచుదాకా పొంగుతోంది. నేను కలుపుతున్నాను. సారు ఒక చేత్తో నా మొహానికి పొగ తగలకుండా తువ్వాలు అడ్డం పట్టి, రెండో చేత్తో పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తున్నారు.