నల్లద్దాలు తెల్లగా వచ్చిన రోజు

కళ్లద్దాలు తయారుచేసే ఆ కార్ఖానాలో అందరూ ఆమెను పెర్లక్క అనేవారు. ఆర్డర్లను మిషన్లకు పంపే ప్రోగ్రాం పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో ఉండేది. అది తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. కిటికీ లేని వెనకగదిలో, మిషన్ల రొద మధ్య కూర్చుని కూర్చుని ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడటం అలవాటైపోయింది. చెల్లెలుండే ఊళ్లో ఉద్యోగం దొరికింది గానీ, ఇక్కడ రిలీవింగ్ లెటర్ ఇవ్వందే అక్కడ చేర్చుకోరు.

"ఇంకొకరికి నేర్పి వెళ్లమ్మా, నేను కాదంటానా?" అన్నాడు యజమాని.

నేర్పింది. కొత్తగా వచ్చినాయన నెమ్మదస్తుడు, ఆమెకంటే పెద్దవాడు. ఆమె వెళ్లాల్సిన వారంలోనే ఆయన ప్రోగ్రాంలోని ఒక ఫంక్షన్‌ను చక్కబెట్టబోయాడు. దానికి ప్రతి ఆర్డరూ హ్యాష్‌గా అందుతుంది: రంగు, పూత అంటూ పేర్లు, ఒక్కో పేరుకు ఒక విలువ. ఆర్డరులో చెప్పనివాటి కోసం మామూలు విలువలు, రంగుకైతే తెలుపు, మరో హ్యాష్‌లో ఉంటాయి. రెండూ కలిపినప్పుడు ఒకే పేరు రెండుసార్లు వస్తే చివరిదే నిలుస్తుంది. అందుకని మామూలువి ముందు, ఆర్డరువి తర్వాత రాయాలి. ఆయన తిరగేసి రాశాడు. పొద్దుటినుంచీ నల్లద్దాలన్నీ తెల్లగా వచ్చాయి.

చూడగానే ఆమెకు అర్థమైంది. అయినా చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆయనే పట్టుకుంటే తను బయటపడుతుంది.

"కలిపిన చోట చూడండి."

"చూశాను మేడమ్. రెండూ కలుస్తున్నాయి కదా."

"ఏది చివర వస్తోందో చూడండి."

ఆయన మళ్లీ పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆపరేషనైన కళ్లు, వెలుతురు సూదుల్లా గుచ్చుకుంటోందట. ఉదయం ఇచ్చిన తెల్లద్దాలు ఇంకో చేతిలో ఉన్నాయి.

"తొందరేం లేదు తల్లీ, కళ్లు మూసుకునే కూర్చుంటా," అంది.

పెర్లక్క ఇక ఉండబట్టలేకపోయింది. కీబోర్డు లాక్కుని ఆ రెండు హ్యాష్‌లనూ అటుది ఇటు, ఇటుది అటు మార్చింది. కాసేపటికి నల్లద్దాలు తయారై వచ్చాయి. పెద్దావిడ పెట్టుకుని, తలెత్తి, ఆమె మొహం తేరిపార చూసి వెళ్లింది.

యజమాని అంతా చూస్తూనే ఉన్నాడు. "చిటికెలో తేల్చేశావు. నిన్నెలా వదులుకోమంటావమ్మా? ఇంకో ఏడాది చూద్దాం," అన్నాడు, మెచ్చుకుంటున్నట్టే.

"ఇంకో గంట ఆగితే నేనే పట్టుకునేవాణ్ణి," అన్నాడు కొత్తాయన తల వంచుకుని.

"తెలుసండీ," అంది.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, నీకని మంచం కూడా కొన్నాను. ఎప్పుడొస్తున్నావు?"

"ప్రస్తుతానికి దానిమీద నువ్వే పడుకోవే," అంది ఆమె. మిషన్లు ఆగిపోయి ఉన్నా గట్టిగానే అంది.