మూసి కుట్టిన కాజాలు

ఆ వీధిలో దర్జీ పనికి తిరుగులేదు. ఆయన నాలుగేళ్ల కూతురు బుడంకాయకు మాత్రం గుండీ పెట్టుకోవడం రాదు. ఎలా వస్తుంది? పిల్ల వేలు గుండీని తాకేలోపే నాన్న చెయ్యి పని ముగించేది.

"పై తరగతికి వెళ్లాలంటే కోటు తనే వేసుకోవాలండీ. ఇంట్లో కాస్త చేయనివ్వండి," అంది చిన్నపిల్లల బడి టీచరమ్మ.

"దర్జీ కూతురికి గుండీ రాదట! వింటే మీ మిషన్ కూడా నవ్వుతుంది," అంది భార్య.

మాట గుచ్చుకుంది. దర్జీ పిల్ల కోటు కాజాలన్నీ మూసి కుట్టాడు. వాటి మీద గుండీలు అతికించి, లోపల టిచ్ బటన్లు దాచాడు. అరచేత్తో ఒక్కటిస్తే చాలు, టక్కున పట్టుకునేవి.

మర్నాడు బడిలో అందరికంటే ముందు బుడంకాయ తయారైంది. టీచరమ్మ మురిసిపోయింది.

"మా తల్లే! ఆ బొద్దోడికి కూడా సాయం చెయ్యమ్మా."

బుడంకాయ వాడి గుండీ మీద ఒక్కటిచ్చింది. పట్టుకోలేదు. ఇంకాస్త గట్టిగా ఇచ్చింది. బొద్దోడు భోరుమన్నాడు.

"నీ కోటు పాడైందిరా," అని తేల్చేసింది బుడంకాయ.

సాయంత్రం టీచరమ్మ దర్జీని పిల్లల కుర్చీలో కూర్చోబెట్టి, కోటు తిరగేసి చూపించింది. దర్జీ మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"పనితనం బాగుందండీ."

"పిల్ల అవస్థ పడుతుంటే చూడలేనమ్మా. చేతులు ఊరుకోవు."

"నావీ అంతే. త్వరగా తెమలాలని సగం కోట్లు నేనే వేసేస్తుంటాను. ఇక నుంచి ఇక్కడ నేను చేతులు కట్టుకుంటాను, ఇంట్లో మీరు."

దర్జీ కాజాలు విప్పి, గుండీలు పాత చోటే కుట్టాడు. రోజూ పొద్దున్నే చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. పిల్ల నాలుక బయటపెట్టి గుండీతో కుస్తీ పట్టేది.

"వేలు ఇటు..." అనబోయాడొకసారి.

"నోటికి కూడా ఒప్పందమే," అంది భార్య.

చివరికి ఒకరోజు గుండీలన్నీ దూరాయి, పక్క కాజాల్లో. కోటు ఒకవైపు గడ్డం దాకా ఎక్కింది.

"సరిచెయ్యనా తల్లీ?"

"వద్దు. నేనే పెట్టుకున్నా."

అదే ఊపులో నాన్న చొక్కాకూ పెట్టేసింది, అదే వరసలో.

బడి గుమ్మంలో టీచరమ్మ చెయ్యి ముందుకొచ్చింది. చటుక్కున వెనక్కి పోయింది.

"పై తరగతికి నడువమ్మా," అంది.

దర్జీ అలాగే వెళ్లి కొట్టు తెరిచాడు. కొలతలివ్వడానికి వచ్చిన పెద్దాయన ఎగాదిగా చూశాడు.

"ఏంటయ్యా, నీ చొక్కాయే వంకర! నీకు బట్ట ఇవ్వొచ్చా?"

దర్జీ చెయ్యి మెడ దాకా వెళ్లి, ఆగి, టేపు అందుకుంది.

"కుట్టు నాదే బాబాయ్. గుండీలు మా అమ్మాయి పెట్టింది. చెయ్యెత్తు."