సర్దుకోని పెట్టె

మా మామయ్య ముప్పై ఏళ్లు బస్సు కండక్టరు. వెనక తలుపు దగ్గర నిలబడి ఆయన "రైట్" అంటే పక్క బస్సు డ్రైవరు కూడా బండి కదిలించేవాడట. రిటైరయ్యాక బస్సు పోయింది గానీ గొంతు మాత్రం ఇంటికొచ్చేసింది.

ఆయనకు పాటలు కట్టే పిచ్చి. ఖాళీ ట్రిప్పుల్లో టికెట్ల వెనక రాసుకున్నవి ఒక డబ్బా నిండా ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా మా అత్తయ్య చివరిదాకా వినలేదు. పల్లవి అయ్యేసరికి పొయ్యి మీద ఏదో గుర్తొచ్చి లేచిపోయేది. మామయ్యకు జీవితంలో ఉన్న కొరత అదొక్కటే. ఇంట్లోనే పాట రికార్డు చేసి ఆమె చెవుల్లో పెడతానని పంతం పట్టాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కంప్యూటరుంది, మైకుంది. మైకులో గొంతును కంప్యూటరుకు అందించే పెట్టె కొనాలి. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. నన్ను వెంటబెట్టుకుని ఇద్దరూ దుకాణానికి వచ్చారు.

దుకాణదారు ఒక చిన్న పెట్టె తగిలించాడు. "పాడండి సార్. పచ్చ లైటు వెలిగితే బాగున్నట్టు. ఎర్రది వెలిగితే గొంతు ఎక్కువై రికార్డింగు పాడైనట్టు."

మామయ్య పాట ఎత్తుకున్నాడు. ఎర్ర లైటు. దుకాణదారు నాబ్ తిప్పి తగ్గించాడు. పల్లవి గట్టెక్కింది, చరణంలో మళ్లీ ఎర్రబడింది. రెండో పెట్టెకూ మూడో పెట్టెకూ అదే గతి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మామయ్య ప్రతిదానికీ ఒక వంక చెప్పాడు. దుకాణమంతా మావైపే చూస్తుంటే నేను మాత్రం గోడకున్న గిటార్లను లెక్కపెట్టాను.

చివరికి దుకాణదారు ఒక నల్ల పెట్టె తీశాడు. "ఇది మీకోసమే సార్. మీరెంత గట్టిగా పాడినా ఇదే సర్దుకుంటుంది."

మామయ్య ముఖం విప్పారింది. అత్తయ్య ఆ పెట్టెను జాలిగా చూసింది.

"వద్దండి. ముప్పై ఏళ్లు నేను సర్దుకున్నాను. ఇంట్లో సర్దుకునేవాళ్లు ఒకరు చాలు. ఆ మొదటిదే ఇవ్వండి."

"దానితో నాకు కుదరదే," అన్నాడు మామయ్య.

"కుదిరేదాకా మీరే తగ్గండి. పచ్చ లైటులో పాడితే చివరిదాకా వింటాను. ఎర్రది వెలిగిందా, వంటింట్లోకి వెళ్లిపోతాను."

నెల రోజులు మామయ్య ఆ లైటుతోనే కాపురం చేశాడు. మంచినీళ్లు కూడా మెల్లగా అడగడం నేర్చుకున్నాడు. ఆయనకు ఒంట్లో బాగోలేదేమోనని ఇరుగుపొరుగు వచ్చి పలకరించి వెళ్లారు.

ఒక మధ్యాహ్నం అత్తయ్యను కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, రికార్డింగు మొదలుపెట్టి పాడాడు. పల్లవి పచ్చగా గడిచింది. ఆమె కదల్లేదు. చరణం వచ్చింది. కొత్త కండక్టరుతో టికెట్ తీసుకోనని పోట్లాడిన ఒక జడల పిల్ల గురించి ఆ చరణం. ఆ పోట్లాటే వీళ్ల పెళ్లిదాకా వచ్చిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇన్నేళ్లూ అత్తయ్య లేచి వెళ్లిపోయింది తన పాట దగ్గర్నుంచే.

పాట అయిపోయింది. ఎర్ర లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. మామయ్య భయంభయంగా ఆమె వైపు చూశాడు. అత్తయ్య కళ్లు తుడుచుకుని, మైకు దగ్గరికి వంగింది.

"టికెట్ తీసుకోనని నేనెప్పుడన్నాను? డబ్బులిచ్చాను. మీరే నా మొహం చూస్తూ టికెట్ ఇవ్వడం మర్చిపోయారు."

పెట్టె ఎర్రగా వెలిగిపోయింది.

మామయ్య పచ్చ లైటులోనే అన్నాడు. "కాస్త తగ్గించి మళ్లీ చెప్పవే. రికార్డవుతోంది."