మిషనుకు వేలాడిన తులసిమాల

స్కూలు యూనిఫామ్‌ల గిరాకీ ముమ్మరంగా ఉండగా మా మేనత్త పోయింది. నిద్రలోనే పోయిందని పొద్దున్నే ఫోను వచ్చింది. దుకాణం నిండా సగం కుట్టిన చొక్కాలు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఇంకో వారం ఉంటే పండరీపురం నడిచి వెళ్ళేది కదా!

నాందేడ్‌లో అత్తది టైలరింగు దుకాణం. నేను కుట్టు నేర్చుకుందీ అక్కడే. ఏటా దిండీ, అంటే పండరీపురానికి కాలినడకన పోయే భక్తుల గుంపు, మా వీధి మీదుగానే వెళ్తుంది. సరిగ్గా అప్పుడే బళ్ళు తెరుస్తారు. అత్తకు ఏ ఏడూ కుట్టు వదిలి నడవడం కుదరలేదు.

ఎప్పుడో కొన్న తులసిమాల ఆమె మిషనుకు బిగించిన లైటు కడ్డీకి వేలాడుతుండేది. మాల వేసుకుంటే ఏటా ఆ నడక తప్పకూడదు. అందుకే వేసుకోలేదు. మిషను తొక్కుతున్నంతసేపూ అది టకటకా కొట్టుకునేది. దేవుడి గూట్లో పెట్టమంటే, "ఉండనీ బిడ్డా, నాకు యాది చెయ్యాలె గద" అనేది.

పోయిన దసరాకు మెయిన్ రోడ్డు మీద పెద్ద దుకాణం చూసొచ్చింది. ఊరుకోలేక అడిగాను. "అత్తమ్మా, నీకు దుకాణం గావాల్నా, పాండురంగడు గావాల్నా?"

"రెండూ గావాలె" అంది కత్తెర ఆపకుండానే. "పుండలీకుడు అమ్మానాయిన సేవల ఉండి, జర ఆగుమని ఇటుక ఇసిరిండు. దేవుడు దాని మీద నిలబడ్డడు గని, అలిగి పోయిండా?"

"ఆయనది సేవ. నీది ధందా."

అప్పుడు ఆపింది కత్తెర. "అవ్ మరి, ధందానే. దీనితోని నలుగురు ఆడోళ్ళ పొయ్యి వెలుగుతది. అయినా నాకే ఎదగాలని ఉన్నది, అబద్ధమెందుకు?" మెల్లగా, "నా కోసం ఆగుతడంటవా బిడ్డా?" అని నన్నే అడిగింది.

ఈ వేసవిలో కొత్త దుకాణం తెరిచింది. ఆ రోజే మాల మెడలో వేసుకుంది. "ఈయేడు బట్టలు నువ్వు గుట్టు, నేను నడుస్త" అంది. తీరా ఆర్డర్లు మీద పడేసరికి, దిండీ వచ్చేదాకా కుడతానని మాలతోనే మిషను ముందు కూర్చుంది. ఆ మాలతోనే ఆమెను గోదావరి ఒడ్డుకు తీసుకుపోయాం.

నిన్న దిండీ వచ్చింది. తాళాలు, మృదంగం వినబడుతుంటే సూదిలోకి దారం ఎక్కదు నాకు. వెళ్దామా అంటే చొక్కాలు, కుడదామా అంటే కాలు నిలవదు. ఇంతలో మంచినీళ్ళకని దిండీలోంచి ఒక ముసలామె దుకాణంలోకి వచ్చింది. తాగి, "మావులీ" అంటూ వంగి నా పాదాలు అంటింది. మావులీ అంటే తల్లి; ఎదుటివారు ఎవరైనా దేవుడే అనుకొని అలా పిలిచి మొక్కడం వాళ్ళ పద్ధతి. మనమూ తిరిగి మొక్కాలి. నేనూ వంగాను. మెడలోని కొలతల టేపు జారి ఆమె పాదాల మీద పడింది.

ఆమె దాన్ని తీసి కళ్ళకద్దుకుంది. మాల వేసినట్టే మళ్ళీ నా మెడలో వేసి, పరుగున దిండీలో కలిసిపోయింది.