మొదటి పాఠం దాటని మనిషి

షిఫ్టు బస్సులో డ్రైవరు వెనక సీటు ప్రేమ్‌సాగర్‌ది. బొగ్గుగనిలో డంపర్ నడిపీ నడిపీ గోళ్లలోకి నలుపు దిగిపోయింది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పెదవులు కదుపుతూ కూర్చుంటాడు. పినపాక దగ్గరి ఊళ్లో ఉండే నవత అనే టీచరమ్మ తన గొంతుతోనే రికార్డు చేసి, ఫోన్లో ఉచితంగా పెట్టిన కోయ భాష కోర్సు అది. ఆమె మాటల వెనక ఎక్కడో కోడి కూస్తుంటుంది. మొత్తం నలభై పాఠాలు. ఏడాదిగా అతను మొదటిదే వింటున్నాడు. "ఇంకా గదేనా అన్నా? ముందుకు పోవా?" అని పక్కసీటు సలీం నవ్వితే, "అవ్, గదే" అంటాడు.

అతని తల్లి భద్రమ్మ కోయ మనిషి. గని కాలనీలో వెక్కిరిస్తారని కొడుకుతో ఎప్పుడూ తెలుగే మాట్లాడింది. దవాఖానాలో చివరి వారం తెలుగంతా మరిచిపోయి, అతని ముఖంలోకి చూస్తూ కోయలో ఒకే మాట పదేపదే అడిగింది. అతను చెయ్యి పట్టుకుని "అవ్ అమ్మా, అవ్" అన్నాడు. దినాలకు వచ్చినవాళ్లందరికీ "మా అమ్మ నన్ను దీవించి పోయింది" అని చెప్పుకున్నాడు. కోర్సు తెరిచిన తొలిరోజే, మొదటి పాఠం మొదటి ప్రశ్నగా ఆ మాటే వినబడింది. ఫోను తెర మీద తెలుగులో అర్థం రాసి ఉంది: 'నువ్వు ఎవరు?' ప్రశ్న అడిగాక నవత జవాబు కోసం కాసేపు ఆగుతుంది. ఆ కాసేపట్లో ప్రేమ్‌సాగర్ రోజూ కోయలో, మెల్లగా చెబుతాడు: నేను ప్రేమ్‌సాగర్‌ని, భద్రమ్మ కొడుకుని. తర్వాత వేలితో పాఠాన్ని వెనక్కి జరుపుతాడు. జవాబు విననట్టే, ఆ గొంతు మళ్లీ అదే అడుగుతుంది.